ఎముక అతికింది, మంట చల్లారలేదు

పొందూరుకు దగ్గరలోని ఒక పల్లె నుంచి 46 ఏళ్ల సోదరి ఒకరు, డిగ్రీ చదువుతున్న తన కూతురి చేత రాయించి పంపిన ఉత్తరమిది. పేరూ ఊరూ వెల్లడించవద్దని కోరారు కనుక సారాంశం మాత్రమే ఇస్తున్నాను. పెళ్లయి వచ్చిన కొత్తలో అత్తగారి దగ్గర నేర్చుకున్న నాటి నుంచి ఆమె రాట్నం మీద సన్ననూలు వడుకుతున్నారు. మొన్న ఆషాఢంలో, వాన వెలిసిన పెరట్లో నీళ్ల బిందెతో జారిపడి ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాలు సిమెంటు కట్టు వేశారు. మూడో రాత్రికే వేళ్లు ఉబ్బి కట్టు బిగిసిపోయిందని చెప్పినా, కొత్తలో అలాగే ఉంటుందని పంపేశారట. కట్టు విప్పాక ఎక్స్‌రే చూసి ఎముక చక్కగా అతికిందన్నారు. చెయ్యి మాత్రం ఎర్రగా, వేడిగా, చర్మం నిగనిగలాడేటంతగా ఉబ్బి ఉంది. “ఎండుమిరపకాయలు నూరిన చేతిలా మండుతోంది. ఎన్నిసార్లు కడిగినా ఆ మంట పోదు” అని రాయించారు. పమిట కొంగు తగిలినా, ఫ్యాను గాలి సోకినా ఓర్చుకోలేక తడిగుడ్డ చుట్టుకుని, మెడకు కట్టిన పట్టీలో చేతిని వేలాడదీసుకుని కూర్చుంటున్నారు. అరచెయ్యి ఊరికే చెమట పడుతోంది. ఆ చేతి గోళ్లు కుడిచేతి గోళ్లకంటే త్వరగా పెరుగుతున్నాయి. మార్గశిరం చలి మొదలైనప్పటి నుంచి కొన్ని ఉదయాలు చెయ్యి చల్లబడి నీలంగా మారుతోంది. పిడికిలి ముడుచుకోవడం లేదు. వడకడానికి చుట్టిన దూది ఏకు పట్టుకుంటే నిప్పుకణిక పట్టుకున్నట్టు ఉంటోంది.

మొదట చూసిన వైద్యుడు, ఎముక అతికాక నొప్పెందుకుంటుంది, మనసులో బెంగ పెట్టుకున్నావన్నారు. పక్క ఊరి కట్టు వైద్యుడు నూనె రాసి వేళ్లు పట్టి లాగితే రెండు రోజులు వాపు రెట్టింపయింది. చివరకు విశాఖపట్నంలో ఒక వైద్యుడు కాంప్లెక్స్ రీజినల్ పెయిన్ సిండ్రోమ్, అంటే సీఆర్‌పీఎస్ అని పేరు చెప్పి, నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్ మాత్రలు, వ్యాయామాలు రాసి, తగ్గకపోతే మెడ దగ్గర ఇంజెక్షను ఇవ్వాలన్నారు. ఆమెకు ఆరేళ్లుగా షుగరు ఉంది. పుట్టినిల్లు కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉండే ఉద్దానం. తండ్రి కిడ్నీ జబ్బుతోనే పోయారు. ఇంట్లో ఆడపడుచు “ఎడమచెయ్యే కదా, పని తప్పించుకోడానికి వంకలు” అంటోందని, భర్త ఏమీ అనకపోయినా ఖర్చు లెక్క వేసేటప్పుడు మొహం తిప్పుకుంటున్నారని రాశారు. ఆమె అడిగినవి ఇవి: ఇది నిజంగా జబ్బేనా, నా మనసు చేసే మాయా? చెయ్యి కదపాలా, కదపకూడదా? ఇంజెక్షను వేయించుకోవాలా? ఈ చెయ్యి తీసేయించుకుంటే పీడ వదులుతుందా? మళ్లీ వడకగలనా?

అమ్మా, మీ మొదటి ప్రశ్నకు సందేహం లేకుండా జవాబు చెబుతాను. ఇది నిజమైన జబ్బు. మీరు కల్పించుకున్నది కాదు, మీ బెంగ వల్ల పుట్టినదీ కాదు. అమెరికా అంతర్యుద్ధంలో తూటా దెబ్బలు తిన్న సైనికులకు వైద్యం చేసిన సైలాస్ వియర్ మిచెల్ అనే వైద్యుడు 1864లోనే దీన్ని వర్ణించాడు. గాయం మానిపోయినా చెయ్యి నిప్పులా మండుతోందని ఆ సైనికులు దాన్ని ఎప్పుడూ తడిగుడ్డతో కప్పుకుని కూర్చునేవారు. మీ కూతురు రాసిన ఆ తడిగుడ్డ వాక్యం చదవగానే నాకు వారే గుర్తుకొచ్చారు. 1900లో పాల్ సూడెక్ అనే జర్మన్ శస్త్రవైద్యుడు ఇలాంటి చేతుల్లో ఎముక పలచబడటాన్ని ఎక్స్‌రేలో చూపించాడు. రకరకాల పేర్లతో తిరిగిన ఈ జబ్బుకు 1994లో ఇప్పటి పేరు స్థిరపడింది. మణికట్టు విరిగిన తరువాత రావడం, మగవారికంటే ఆడవారికి ఎక్కువగా రావడం ఈ జబ్బులో వైద్యులు తరచూ చూసేవే.

దీన్ని పట్టి చూపే రక్తపరీక్ష గానీ స్కానింగు గానీ ఏదీ లేదు. అందువల్లనే ఎక్స్‌రే బాగుందన్న ఒక్క మాటతో మిమ్మల్ని ఇంటికి పంపగలిగారు. 2003లో బుడాపెస్ట్ నగరంలో నిపుణులు కూర్చుని రూపొందించిన పద్ధతి ప్రకారం, దెబ్బకు మించిన నొప్పి ఆగకుండా ఉండటంతో పాటు నాలుగు రకాల మార్పులను చూస్తారు: తాకితే ఓర్చుకోలేకపోవడం, రంగూ వేడీ మారడం, చెమటా వాపూ, కదలిక తగ్గి గోళ్లూ వెంట్రుకలూ చర్మమూ మారడం. వీటిలో కనీసం మూడు రకాలు రోగి చెప్పేవాటిలో ఉండాలి, కనీసం రెండు పరీక్షించేటప్పుడు వైద్యుడి కంటికి కనబడాలి, మరో జబ్బేదీ వీటికి అంతకంటే తగిన కారణంగా నిలవకూడదు. మీ ఉత్తరంలో నాలుగు రకాలూ ఉన్నాయి. ఆ చివరి షరతు విషయంలో మాత్రం ఒక సంగతి అడగండి. మణికట్టు విరిగినప్పుడు అక్కడి నరం నలిగి ఉంటే దానికి వేరే చికిత్స అవసరమవుతుంది కనుక, బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు ప్రత్యేకంగా మొద్దుబారుతున్నట్లయితే నరాల పరీక్ష చేయించాలా అని మీ విశాఖ వైద్యుణ్ణి అడగండి. జ్వరం, చీము, చెయ్యి మొత్తం ఒక్కసారిగా ఉబ్బడం, ఆయాసం వంటివి కనబడితే ఇదంతా పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

జరుగుతున్నదేమిటో వివరిస్తాను, ఎందుకంటే ఇది అర్థమైతేనే తరువాత చెప్పబోయే వ్యాయామాలకు అర్థముంటుంది. దెబ్బ తగిలినప్పుడు అక్కడికి రక్తం ఎక్కువగా చేరడం, వాపు రావడం, నరాలు కేకలు పెట్టడం శరీరం చేసే కాపలా పని. మామూలుగా ఎముక అతుకుతూ ఉండగానే ఆ సందడి సద్దుమణుగుతుంది. మీ చేతిలో సద్దుమణగలేదు. దొంగ వెళ్లిపోయాక కూడా ఇంటివాళ్లు నడిచినా మొరిగే కుక్కలా, పమిట కొంగు తగిలినా నరాలు ప్రమాదమనే కబురు పంపుతున్నాయి. వెన్నుపాము ఆ కబురును పెంచి పైకి పంపుతోంది. రక్తనాళాలను, చెమట గ్రంథులను నడిపించే నరాలు కూడా గతి తప్పినందున ఒక రోజు ఎర్రగా వేడిగా, మరో రోజు నీలంగా చల్లగా ఉంటోంది. అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటుంది. మన మెదడులో ప్రతి అవయవానికీ ఒక పటం ఉంటుంది. చెయ్యి నెలల తరబడి కదలకపోతే ఆ పటం చెరిగినట్టవుతుంది. “ఈ చెయ్యి నాది కాదన్నట్టుంటుంది” అని మీరు ఒకచోట రాయించారు చూడండి, అది పిచ్చి మాట కాదు. ఈ జబ్బు ఉన్నవారు చాలామంది అదే మాట చెబుతారు.

కనుక మెదడుకు సంబంధం ఉంది, మనసు చేసిన మాయ మాత్రం కాదు. నిద్రలేమి, భయం, అవమానం నొప్పిని పెంచుతాయన్నది నిజమే. ఎముక విరిగినవాడిని పరుగెత్తించినా నొప్పి పెరుగుతుంది, అంతమాత్రాన పరుగు వల్ల ఎముక విరిగిందని అనం కదా. ఇక్కడ ఒక చిన్న సలహా. మన జిల్లాల్లో తీపు, సలుపు, పోటు, మంట, తిమ్మిరి, జివ్వుమనడం అన్నీ వేరువేరు మాటలు. వైద్యుడి గదిలోకి వెళ్లేసరికి అన్నీ కలిసి ఒక్క ‘నొప్పి’ అయిపోతాయి. విజయనగరంలో నా దగ్గరకు వచ్చే రోగులనూ నేను మళ్లీ మళ్లీ అడగవలసి వస్తుంది. మీరు మాత్రం ఇంటి మాటలోనే చెప్పండి. మంట ఎప్పుడు, సలుపు ఎప్పుడు, ఏది తగిలితే జివ్వుమంటుందో కూతురి చేత ఒక కాగితం మీద రాయించి తీసుకెళ్లండి. ‘మంట’ అన్న ఒక్క మాట నరాల నొప్పికి ఆనవాలు.

ఇక కదపాలా వద్దా అన్నది. మీ ముందు రెండు దారులు పెట్టారు, రెండూ మీకు కీడే చేశాయి. మెడకు కట్టిన పట్టీలో చేతిని దాచుకుంటే ఇవాళ హాయిగా ఉంటుంది, కానీ కీళ్లు బిగుసుకుపోతాయి, ఎముక పలచబడుతుంది, మెదడులోని ఆ పటం మరింత చెరుగుతుంది. నూనె రాసి బలవంతంగా లాగితే కాపలా కుక్క ఇంకా రెచ్చిపోతుంది, రెండు రోజుల వాపు మీరు చూశారు. మూడో దారి ఈ రెండింటి మధ్య ఉంది. మీ చేతిని మీరే, మీ అదుపులో, కొద్దికొద్దిగా, కానీ ప్రతిరోజూ కదపాలి. చేసేటప్పుడు నొప్పి కొంత పెరగవచ్చు. అది గంటా రెండు గంటల్లో మునుపటి స్థాయికి దిగితే ఆ మోతాదు సరైనదే. మరుసటి ఉదయం దాకా ఉంటే మోతాదు తగ్గించాలి గాని మానకూడదు. పగలు పట్టీ తీసేయండి. బజారుకో జాతరకో వెళ్లినప్పుడు ఎవరూ తగలకుండా కట్టుకోండి, తప్పులేదు. మంటకు ఐసు పెట్టవద్దు, కొందరికి దానితో ఎక్కువవుతుంది. తడిగుడ్డ వల్ల తాత్కాలికంగా ఊరట దొరికినా రోజంతా చుట్టుకుని ఉండటం చేతిని స్పర్శకు దూరం చేయడమే. దీనికోసం రోజూ విశాఖ రైలెక్కనవసరం లేదు. శ్రీకాకుళంలోనే ఒక ఫిజియోథెరపిస్టును చూసుకుని, ఈ జబ్బు పేరు చెప్పి, వారానికి ఒకటి రెండుసార్లు చూపించుకుంటూ మిగతా రోజులు ఇంట్లో చేసుకోవచ్చు.

స్పర్శకు అలవాటు చేసే పద్ధతిలో మీ ఇల్లే నా గదికంటే మెరుగు. మేము రోగులకు మొదట దూదితో మొదలు పెడతాం. మీ ఇంట్లో సన్ననూలు కోసం వాలుగ చేప దవడతో దువ్విన దూది ఉంటుంది, అంతకంటే మెత్తనిది నేను ఎక్కడ తేగలను? అయితే మంట ఎక్కువగా ఉన్నచోట మొదలు పెట్టకండి. మోచేతి దగ్గర, హాయిగా ఉన్నచోట దూదిని ఒకే దిక్కుగా, నెమ్మదిగా, చూస్తూ రాయండి. చూడటం ముఖ్యం, కళ్లు మూసుకోవద్దు. “ఇది దూది, మెత్తగా ఉంది” అని లోపల అనుకోండి. రెండు నిమిషాలు చాలు, రోజుకు నాలుగైదు సార్లు. కొన్ని రోజులకు మణికట్టు వైపు అంగుళం అంగుళం జరగండి. దూది ఓర్చుకోగలిగాక ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచె గుడ్డ, తరువాత ముతక తువ్వాలు, ఆ తరువాత గిన్నెలో పెసలో బియ్యమో పోసి అందులో వేళ్లు ఆడించడం. ఒక మెట్టు మీద వారం పట్టినా పట్టనివ్వండి. మధ్యలో ఒక చలి ఉదయం మళ్లీ మొదటి మెట్టుకు దిగవలసి రావచ్చు. దాన్ని ఓటమిగా లెక్కపెట్టవద్దు.

రెండో సాధన అద్దంతో. తెగిపోయిన అవయవంలో నొప్పితో బాధపడేవారికి అద్దం పెట్టె పద్ధతిని తమిళనాడులో పుట్టిన నాడీ శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1990లలో ప్రవేశపెట్టారు. తరువాత దాన్ని ఈ జబ్బుకూ వాడుతున్నారు. బల్ల మీద అద్దం నిలబెట్టి, ఎడమచేతిని దాని వెనుక దాచి, కుడిచేతిని ముందు కదుపుతూ అద్దంలోకి చూస్తే ఎడమచెయ్యే హాయిగా కదులుతున్నట్టు కనబడుతుంది. దీన్ని నేరుగా మొదలు పెట్టకూడదు, కొందరికి చూసినంత మాత్రానే మంట రేగుతుంది. ముందు ఒకటి రెండు వారాలు, చేతుల ఫోటోలు చూసి ఇది ఎడమో కుడో గబగబా చెప్పే అభ్యాసం చేయాలి. మీ అమ్మాయి ఫోనులో ఇంటిల్లిపాది చేతులనూ రకరకాల భంగిమల్లో తీసి చూపిస్తే సరిపోతుంది. ఆ తరువాత కదపకుండానే కదుపుతున్నట్టు ఊహించడం. ఏకు పట్టుకుని దారం తీస్తూ ఎడమచెయ్యి వెనక్కు సాగడం, దారం చుట్టుకునే కదురు మీదికి మళ్లీ ముందుకు రావడం మీ ఒంటికి తెలిసిన కదలిక. కళ్లు మూసుకుని దాన్ని ఊహించండి. అద్దం ఆ తరువాతే.

మాత్రల విషయంలో మీ షుగరూ మీ పుట్టినిల్లూ రెండూ గుర్తుంచుకోవాలి. ప్రీగాబాలిన్ దాదాపు మొత్తం మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది కనుక, వాటి పనితీరు చూపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూసి మోతాదు నిర్ణయించాలి. ఉద్దానం గురించి, మీ తండ్రిగారి గురించి విశాఖ వైద్యుడికి చెప్పారో లేదో ఉత్తరంలో లేదు. చెప్పి ఉండకపోతే ఈ వారమే చెప్పండి. మత్తు, తల తిరగడం ఉంటే చెప్పి మోతాదు మార్పించుకోవాలి గాని ఒక్కసారిగా ఆపవద్దు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్లలు రోజుల తరబడి వాడటం మీ వంటివారికి అన్నిటికంటే ప్రమాదం. అవి ఈ మంటకు పెద్దగా పనిచేయవు, మూత్రపిండాలను మాత్రం దెబ్బతీయగలవు. చెయ్యి ఎర్రగా వేడిగా ఉండే తొలి నెలల్లో కొద్ది రోజుల స్టెరాయిడ్ మాత్రలు కొందరికి బాగా ఉపయోగపడతాయి. మీకు ఐదు నెలలు గడిచాయి, పైగా అవి షుగరును పెంచుతాయి కనుక లాభం తక్కువ, నష్టం ఎక్కువ కావచ్చు. ఎముకలను బలపరిచే బిస్‌ఫాస్ఫొనేట్ మందులు కూడా ఈ నొప్పి తగ్గించడానికి ఇస్తారు. వాటికీ మూత్రపిండాల పరీక్ష, దంతాల పరీక్ష ముందుగా కావాలి. రాత్రి నిద్ర లేనివారికి తక్కువ మోతాదులో ఎమిట్రిప్టిలిన్ మరో మార్గం.

మెడ దగ్గర ఇంజెక్షనంటే మీరు భయపడుతున్నారు. చేతికి వెళ్లే రక్తనాళాలను నడిపించే నరాల ముడి ఒకటి మెడ ముందు వైపు, లోతున ఉంటుంది. అల్ట్రాసౌండులో చూస్తూ అక్కడ మత్తుమందు వేస్తారు. కొన్ని గంటలు చెయ్యి వెచ్చబడుతుంది, ఆ వైపు కనురెప్ప వాలుతుంది, కన్ను ఎర్రబడుతుంది, గొంతు బొంగురుపోవచ్చు. ఇవి వాటంతట అవే తగ్గుతాయి. దీనివల్ల ఎంతకాలం మేలు ఉంటుందన్న దానికి బలమైన ఆధారాలు లేవు, కొందరికి చాలా ఉపశమనం, కొందరికి ఏమీ ఉండదు. నేను దాన్ని ఒక కిటికీ తెరిచినట్టుగా చూస్తాను. నొప్పి తగ్గిన ఆ గంటల్లో, ఆ రోజుల్లో వ్యాయామం ముందుకు సాగాలి. ఇంజెక్షను వేయించుకుని ఇంటికొచ్చి మళ్లీ పట్టీ కట్టుకుంటే డబ్బు వృథా. మీరు ఇంకా క్రమంగా వ్యాయామాలే మొదలు పెట్టలేదు కనుక, ఆరు నుంచి ఎనిమిది వారాలు పైన చెప్పిన సాధన చేసి అప్పుడు నిర్ణయించుకోవచ్చు. అలా కాక, తాకనివ్వని మంట వల్ల సాధన మొదలే పెట్టలేకపోతే ఇప్పుడే వేయించుకోవడంలో అర్థముంది. రెండింటిలో ఏదైనా, ఆసుపత్రిలో రోగులకు సహాయపడే ఆరోగ్యమిత్రను కలిసి ప్రభుత్వ పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వర్తిస్తుందో ముందే కనుక్కోండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి.

చెయ్యి తీసేయించుకోవడం గురించి: వద్దు. మంట చేతిలో మాత్రమే లేదని పైన చెప్పాను. చెయ్యి పోయాక కూడా నొప్పి మిగలడం, మిగిలిన భాగంలో జబ్బు మళ్లీ రావడం వైద్యులు చూశారు. ఆ ఆలోచన మీకు రాత్రి రెండు గంటలకు వస్తుందని రాయించారు. దాని వెనుక బతుకు మీదే విసుగు ఉందేమోనని నా మనసు కలవరపడింది. అటువంటి రాత్రి వస్తే కూతుర్ని నిద్రలేపండి, మొహమాటపడకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ 14416కు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. ఇంత కాలం ఇంత నొప్పి భరించేవారికి అలాంటి ఆలోచనలు రావడం అరుదు కాదు. అందుకు సిగ్గుపడనవసరం లేదు, వైద్యుడికి చెప్పడం కూడా చికిత్సలో భాగమే.

ఈ ఒక్క పేరా మీ ఇంట్లో చదివి వినిపించండి. అయ్యా, మీ భార్య చేతి నొప్పి నటన కాదు. ఆమె చెయ్యి రంగు మారడం, చెమట పట్టడం, గోళ్లు పెరగడం ఎవరూ నటించలేరు. ఆడపడుచుగారూ, రాట్నం వడికేవారికి ఎడమచెయ్యి ఎంత ముఖ్యమో ఆ ఇంట్లో పుట్టిన మీకు నేను చెప్పాలా? మీ ఇద్దరూ చేయగల సహాయం రెండు విధాలుగా ఉంటుంది. వెనుక నుంచి వచ్చి ఆ చేతిని తాకవద్దు. అలాగని అన్ని పనులూ లాక్కుని ఆమెను కూర్చోబెట్టవద్దు. బట్టలు మడత పెట్టడం, చిక్కుడుకాయ ఈనెలు తీయడం వంటి తేలిక పనుల్లో ఆ చేతికి వాటా ఉండనివ్వండి. రోజూ “తగ్గిందా” అని అడగడం కంటే “ఇవాళ చెయ్యి ఏం చేసింది” అని అడగడం మేలు.

మీ తప్పు వల్ల వచ్చిందా అనీ అడిగారు. కాదు. బిగిసిన కట్టు, వేళ్లు కదపకపోవడం ఈ జబ్బుకు తోడ్పడతాయని అనుమానిస్తారు, అయినా అన్నీ సరిగ్గా చేసినవారికీ వస్తుంది. ఎముక విరిగి కట్టు వేయించుకున్న మరెవరైనా ఇది చదువుతుంటే, కట్టు బిగిసి వేళ్లు ఉబ్బి నొప్పి పెరిగితే ఆ రాత్రే తిరిగి వెళ్లి చూపించుకోండి, కట్టు బయట ఉన్న వేళ్లను మొదటి రోజు నుంచీ కదపండి.

మళ్లీ వడకగలరా? మాట ఇవ్వలేను. మొదటి ఏడాదిలో చాలామందికి చెప్పుకోదగినంత తగ్గుతుంది, కొందరికి కొంత బిగుతు, చలికి కొంత సలుపు మిగిలిపోతాయి, కొద్దిమందికి నొప్పి ఏళ్ల తరబడి ఉంటుంది. మీరు ఐదో నెలలో ఉన్నారు, బొటనవేలూ చూపుడువేలూ ఇంకా కలపగలుగుతున్నారని రాశారు. నా దృష్టిలో అది మంచి సంకేతం. పెసల గిన్నె మెట్టు దాటాక ఏకును ఊరికే పట్టుకుని కూర్చోండి, రాట్నం తిప్పకుండా. అది నిలిచాక గడియారం ఎదురుగా పెట్టుకుని ఐదు నిమిషాలు వడకండి. ఆ ఐదు నిమిషాలు ఎంత హాయిగా గడిచినా ఆరో నిమిషం వద్దు. లేచి, మరుసటి ఉదయం చెయ్యి ఎలా ఉందో చూసుకుని, ఆ వారమంతా అదే ఐదు నిమిషాల మీద ఉండి, తరువాతి వారం ఆరు చేయండి.